చక్రాల మీద ఇల్లు, దారి పొడవునా పొయ్యిలు

లూసియానా రాష్ట్రంలో స్కాట్ అని చిన్న ఊరు. ఐ-10 హైవే దిగగానే ఒక పెట్రోలు బంకు. ఆగస్టు నెల, ఆదివారం పొద్దున్న. అప్పటికే అక్కడ జనం బారులు తీరి ఉన్నారు. పంపుల దగ్గర కాదు, లోపల కౌంటరు దగ్గర. కొందరి చేతుల్లో ఐస్ పెట్టెలు. కౌంటరు వెనక పొగలు కక్కే గిన్నెలోంచి ఒకావిడ జానెడేసి సాసేజీలు తీసి కాగితంలో చుట్టి ఇస్తోంది. కొన్నవాళ్లలో సగం మంది ఇల్లు చేరేదాకా ఆగడం లేదు. ట్రక్కు వెనక తలుపు దించి, దాన్నే బల్ల చేసుకుని, నిలబడే లాగించేస్తున్నారు.

ఆ వరసలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చిన అతని తల్లి మాత్రం, హ్యూస్టన్‌లో అద్దెకు తీసుకున్న ఆర్‌వీలో కూచుని, వంటగట్టు పక్క కిటికీలోంచి ఈ వైభవమంతా చూస్తోంది. “పెట్రోలు బంకులో టిఫినేమిట్రా, ఈ దేశంలో హోటళ్లకు కరువొచ్చిందా?” అని ఆవిడ సందేహం.

హోటళ్లకేం కరువు. ఈ సరుకు మాత్రం బంకుల్లోనూ కిరాణా కొట్లలోనూ కొనుక్కోవడమే ఇక్కడి మర్యాద. దాని పేరు బూడాన్. పంది మాంసం, కార్జం, ఉల్లికాడలు, కారం వేసి కలిపిన అన్నాన్ని పేగులో కూరి ఉడికిస్తారు. స్కాట్‌ను ‘ప్రపంచ బూడాన్ రాజధాని’గా 2012లో రాష్ట్ర శాసనసభ గుర్తించింది. చుట్టుపక్కల ఊళ్లు కూడా ఇలాంటి బిరుదులే తగిలించుకుని తిరుగుతున్నాయి కాబట్టి ఆ తగువులో తలదూర్చకపోవడం మేలు. అసలు ఫ్రెంచి పేరున్న వంట ఈ చిత్తడి నేలల్లోకి ఎలా వచ్చిందని అడగడం మొదలుపెడితే, కథ దాదాపు రెండు వేల మైళ్ల అవతల, కెనడా తూర్పు తీరంలో తేలుతుంది.

అక్కడ, ఇప్పటి నోవా స్కోషియాలో, 17వ శతాబ్దంలో స్థిరపడ్డ ఫ్రెంచి రైతులే అకాడియన్లు. 1713లో ఆ నేల బ్రిటిషువాళ్ల చేతికొచ్చింది. షరతుల్లేకుండా తమ రాజుకు విధేయత ప్రమాణం చెయ్యమన్నారు బ్రిటిషువాళ్లు. ఫ్రాన్సు మీద కత్తి పట్టేది లేదన్నారు వీళ్లు. 1755లో బ్రిటిషు సైన్యం ఇళ్లు తగలబెట్టి, మనుషుల్ని ఓడలెక్కించి, ఒక్కో గుంపును ఒక్కో తీరంలో దించేసింది. కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఏళ్ల తరబడి దిక్కులు పట్టి తిరిగి, 1764 నుంచి కొందరు లూసియానా చేరుకున్నారు. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడల్లో మరో 1,600 మంది దాకా వచ్చారు. ‘అకాడియన్’ అన్న మాట జనం నోట నలిగి ‘కేజన్’ అయింది.

ఈ దేశంలో రాష్ట్రానికో వంట, కొన్నిచోట్ల జిల్లాకో వంట ఉంది. మెల్లగా, ఊరూరా ఆగుతూ పోయేవాడికి ఒక సంగతి పదేపదే తగులుతుంది. పేరుపడ్డ వంట వెనక తరచుగా ఎవరో ఎవర్నో ఇంటి నుంచి వెళ్లగొట్టి ఉంటారు, లేదా సంకెళ్లు వేసి తీసుకొచ్చి ఉంటారు. సరదాకి తిరిగేవాళ్ల బండి, గత్యంతరం లేక తిరిగినవాళ్ల దారుల మీదే పోతుంది.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. ఆర్‌వీ అంటే సినిమా హీరోలు షూటింగుల్లో వాడే కారవాన్ లాంటిదే. కాకపోతే ఇక్కడ దాన్ని నడిపేదీ కడిగేదీ మురుగు పారబోసేదీ కూడా హీరోగారే. ఇంజనుతో సహా ఉండేది మోటర్‌హోమ్, ట్రక్కు వెనక తగిలించుకుపోయేది ట్రెయిలర్. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉంటాయి. క్యాంపుగ్రౌండులో నీళ్లకో పైపు, కరెంటుకో తీగ, మురుగుకో గొట్టం తగిలించుకోవాలి. అంట్లనీళ్లు, స్నానాల నీళ్లు పోయేది గ్రే ట్యాంకు. రెండోది బ్లాక్ ట్యాంకు, దాన్ని గురించి భోజనాల వ్యాసంలో రాయకూడదు. అద్దెకిచ్చినవాళ్ల పేరెందుకుగానీ, వాళ్లిచ్చిన మురుగు గొట్టానికి చిల్లుందన్న విషయం మొదటి మజిలీలోనే, పక్క బండివాళ్లు బయట కూచుని కాఫీ తాగుతున్న వేళ తెలిసొచ్చింది. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుకే పాతికడుగుల బండి తాళాలు చేతిలో పెడతారు. ఆ నమ్మకం చూస్తే కాస్త భయమే వేస్తుంది.

1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్-యారో కంపెనీ ‘టూరింగ్ లాండో’ అనే కారును ప్రదర్శించింది. వెనక సీటు పరిస్తే మంచం, ముందు సీటు వెనక చేతులు కడుక్కునే తొట్టి. అది కలవారి ముచ్చట. సామాన్యులు 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అని సంఘం పెట్టుకున్నారు. దారి పొడవునా డబ్బా తిండే కాబట్టి ఆ పేరు. ఒకరినొకరు గుర్తుపట్టేందుకు కారు రేడియేటరు మూత మీద ఖాళీ డబ్బా ఒకటి అతికించుకునేవాళ్లు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టంతో 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల పని మొదలైంది. పదేళ్లకు, 1966లో, అయోవాలోని ఫారెస్ట్ సిటీ నుంచి విన్నబేగో మోటర్‌హోమ్‌లు వరసగా రోడ్డెక్కాయి. ఆ పేరు ఎంత నాటుకుపోయిందంటే, చాలాకాలం ఏ కంపెనీ బండినైనా జనం విన్నబేగో అనే పిలిచారు, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు.

కంపెనీకి ఆ పేరు అది ఉన్న జిల్లా నుంచి వచ్చింది. జిల్లాకు ఒక తెగ నుంచి వచ్చింది. తమను తాము హో-చంక్ అని పిలుచుకునే ఆ విన్నబేగో తెగను ప్రభుత్వం విస్కాన్సిన్ నుంచి అయోవాకు, అక్కడి నుంచి మిన్నెసోటాకు, 1863లో ఇప్పటి దక్షిణ డకోటాకు తరిమింది. ఆకలికి తాళలేక వాళ్లు అక్కడి నుంచి నెబ్రాస్కాకు చేరుకున్నారు. ముప్పై ఏళ్లలోపే ఇన్ని ఇళ్లు మారినవాళ్ల పేరు మీద, ఇళ్లను తిప్పే కంపెనీ నడుస్తోంది.

రోడ్లు వేశారు గానీ అవి అందరికీ ఒకే రోడ్లు కావు. 1936లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్టుమాన్ ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లజాతి ప్రయాణికుడు ఏ ఊళ్లో ఏ హోటల్లో తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు, ఏ బంకులో పెట్రోలు పోస్తారు అన్న వివరాలే ఆ ‘గ్రీన్ బుక్’. దక్షిణాదిలో ప్రయాణం కట్టిన నల్లజాతి కుటుంబాలు వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు చెప్పుల పెట్టెల్లో సర్దుకుని బయల్దేరేవి. దారిలో ఎవరూ పెట్టరని తెలిసి కట్టుకున్న చద్దిమూట అది. జాతి పేరుతో హోటళ్ల తలుపులు మూయడాన్ని 1964 పౌరహక్కుల చట్టం నిషేధించాకే ఆ పుస్తకానికి పని తప్పింది. తర్వాతి ఏడు వచ్చిన వలస చట్టం మూలంగానే మనవాళ్లు ఇక్కడికి పెద్ద సంఖ్యలో రాగలిగారు. రెండూ ఒకే ఉద్యమపు వేడిలో ఉడికినవని ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఎందరికి గుర్తుందో.

మళ్లీ లూసియానాకు. బూడాన్ ముట్టని పెద్దావిడకు లఫయెట్‌లో బెండకాయ, రొయ్యలు వేసిన గంబో దొరికింది. అన్నం మీద పోసి ఇచ్చారు. రెండు చెంచాలు తిని, “ఇది మన బెండకాయ పులుసేరా, చింతపండు వెయ్యడం మర్చిపోయారు” అని తీర్పు చెప్పింది. తీర్పులో సగం నిజం ఉంది. ఆఫ్రికాలోని బంటూ భాషల్లో బెండకాయకు కింగోంబో వంటి పేర్లున్నాయి. ‘గంబో’ అక్కడి నుంచే వచ్చిందంటారు. బెండకాయను ఈ నేలకు తెచ్చింది బానిసల ఓడలు. పులుసు చిక్కబడడానికి కొందరు బెండకాయ బదులు ‘ఫీలే’ పొడి వేస్తారు. సాసఫ్రాస్ చెట్టు ఆకుల్ని ఎండబెట్టి దంచిన పొడి అది, నేర్పినవాళ్లు చోక్టా తెగవాళ్లు. పిండిని నూనెలో ముదురు గోధుమరంగు తేలేదాకా వేయించే ‘రూ’ ఫ్రెంచివాళ్లది. అంటే ఒక్క గిన్నెలో ముగ్గురు. ఆఫ్రికన్లను కట్టేసి తెచ్చారు, అకాడియన్లను తగలేసి పంపారు, చోక్టాలను 1830 నాటి ఒప్పందం పేరుతో మిసిసిపీ నుంచి ఇప్పటి ఓక్లహోమాకు నడిపించారు.

లఫయెట్ దాటి తూర్పుకు పోతే ఆచఫలాయా. ఆ మాటకు చోక్టా భాషలో పొడవైన నది అని అర్థం. దేశంలోకెల్లా పెద్ద నదీ చిత్తడి ప్రాంతం. దాని మీద ఐ-10 వంతెన 18 మైళ్లు. రెండు పక్కలా నీళ్లలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మల నుంచి జడల్లా వేలాడే బూడిదరంగు నాచు. ఈ చుట్టుపట్ల పొలాల్లో వరి కోశాక మళ్లలో నీళ్లు పెట్టి రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతారు. కొల్లేరు, కైకలూరు వైపు చేపల చెరువులు చూసినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఆగస్టులో క్రాఫిష్ కాలం కాదు, జనవరి నుంచి జూన్‌దాకా వస్తేనే తాజాగా దొరుకుతాయి. 1975 తర్వాత పడవల్లో వచ్చిన వియత్నాం శరణార్థులు ఈ తీరంలో రొయ్యల వేటలో కుదురుకున్నారు. వాళ్ల పిల్లలు హ్యూస్టన్‌లో ఆ క్రాఫిష్‌కే వెల్లుల్లీ వెన్నా దట్టించి కొత్త వంట చేశారు. ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్ల జాబితాలో అది చివరి గిన్నె.

అన్నట్టు, కేజన్ పిల్లలు బడిలో ఫ్రెంచి మాట్లాడితే దెబ్బలు తినేవాళ్లు. 1921 రాష్ట్ర రాజ్యాంగం ఇంగ్లిషులోనే చదువు చెప్పాలంది. 1968లో అదే రాష్ట్రం ఫ్రెంచిని బతికించడానికి ఒక మండలి పెట్టింది. ఈ మధ్యలో రెండు తరాలు భాష పోగొట్టుకున్నాయి, వంట మాత్రం పోలేదు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన బడుల్ని ఎరిగిన పాఠకులకు ఇంతకంటే చెప్పనవసరం లేదు.

రెండో విడత ప్రయాణం సెప్టెంబరు మొదట్లో, హ్యూస్టన్ నుంచి పడమరకు. షూలెన్‌బర్గ్ చుట్టుపక్కల చెక్, జర్మన్ వలసదారులు కట్టుకున్న చర్చీలున్నాయి. బయటి నుంచి చూస్తే సాదా కట్టడాలు, లోపల గోడలూ కప్పులూ నిండా రంగుల లతలు. సొంత నేల చాలకా, ఆస్ట్రియా చక్రవర్తి సైన్యంలో తప్పనిసరి కొలువు ఇష్టం లేకా 1850ల నుంచి వచ్చిన చెక్ రైతులు తెచ్చుకున్నది కొలాచీ. మెత్తటి బన్ను మధ్యలో గుంట చేసి ఆప్రికాట్, రేగుపండు లాంటి ప్రూన్, గసగసాల ముద్ద ఏదో ఒకటి పెట్టి కాలుస్తారు. శాకాహారులకు టెక్సాస్‌లో దొరికిన వరం.

లాక్‌హార్ట్ దగ్గర పెద్దావిడ బండి దిగలేదు. దిగితే అంతా గొడ్డుమాంసమే. 1999లో శాసనసభ ‘టెక్సాస్ బార్బెక్యూ రాజధాని’ అన్న ఊరు ఇది. మిగిలిపోయిన మాంసాన్ని పాడవకుండా ఓక్ కట్టెల పొగలో కాల్చి అమ్మడం జర్మన్ కసాయి కొట్లవాళ్ల పద్ధతి. పత్తి ఏరడానికి వచ్చిన నల్లజాతి, మెక్సికన్ కూలీలు అదే కాగితం మీద పెట్టుకుని, కొట్టు వెనక నిలబడి చేత్తో తినేసేవారు. ఆ తిండే ఇప్పుడు పెద్ద పేరున్న వంట. 1900లో మొదలైన క్రూయిట్జ్ మార్కెట్‌లో చాలాకాలం ఫోర్కులు ఇచ్చేవాళ్లు కాదు, సాస్ అడిగితే మొహం అదోలా పెట్టేవాళ్లు. వారసుల్లో తేడా వచ్చి పేరు అన్నకు, పాత భవనం చెల్లెలికి దక్కాయి. 1999లో అన్న కొత్తచోటికి మారుతూ పాత పొయ్యిలోని నిప్పుల్ని ఇనప తొట్టిలో వేసి రోడ్డు వెంట ఈడ్పించుకెళ్లాడు. నిప్పు ఆరితే వంశం ఆరినట్టే అనుకునే మనవాళ్లకు ఈ పట్టింపు బాగా అర్థమవుతుంది.

లాక్‌హార్ట్ దాటాక ఒక ఫెన్సింగు అవతల మోపురమున్న తెల్లటి పశువులు మేస్తూ కనిపించాయి. “ఒరే ఆపరా, అది మన ఒంగోలు గిత్త కాదూ!” అని కిటికీలోంచి కేక. ఆవిడ పొరబడలేదు. యూరప్ జాతులు ఇక్కడి ఎండకూ ఈగలకూ తట్టుకోలేకపోతే, 1850ల నుంచి కొద్ది కొద్దిగా భారతదేశపు ఆబోతుల్ని తెప్పించుకున్నారు. ఆ తర్వాత కొన్ని బ్రెజిల్ మీదుగా వచ్చాయి. గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ జాతులతోపాటు, ఇక్కడ ‘నెల్లూర్’ అన్న పేరుతో చెలామణీ అయిన మన ఒంగోలు రక్తం కూడా కలిసి ‘అమెరికన్ బ్రాహ్మణ్’ తయారైంది. ప్రకాశం జిల్లా నుంచి టెక్సాస్‌కు మొదట వలస వచ్చింది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కారు.

ఈ పశువుల దేశంలోనే ఆర్‌వీకి తాతలాంటి బండి పుట్టింది. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి, అంతర్యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన గుర్రబ్బండి కొని, వెనక భాగాన అరల పెట్టె బిగించాడు. పెట్టె మూత కిందికి దించితే వంట బల్ల. కాఫీ, బీన్సు, పిండి, ఉప్పేసిన మాంసం, సూదీదారం, మందులు, అన్నీ అందులోనే. చక్ అంటే కౌబాయ్‌ల యాసలో తిండి, కాబట్టి అది చక్‌వేగన్. ఇప్పటి ఆర్‌వీ వంటగట్టు ముందు నిలబడితే, అదే జానెడు చోటు, అదే పొదుపు. మరి గుడ్‌నైట్ ఆ బండి వెంట పశువుల్ని ఎక్కడికి తోలుకెళ్లాడు? న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌కు. అక్కడ సైన్యం కాపలాలో వేలమంది ఉన్నారు, వాళ్లకు పెట్టడానికి ప్రభుత్వం మాంసం కొంటోంది. వాళ్లెవరో కాసేపట్లో చెప్పుకుందాం.

ముందు హ్యాచ్. రియో గ్రాండ్ ఒడ్డున రెండు వేల జనాభా కూడా లేని పల్లె. సెప్టెంబరు మొదటి వారాంతంలో ఊళ్లోకి అడుగుపెట్టకముందే వాసన వస్తుంది. ఇనప జల్లెడతో చేసిన పీపాలో పచ్చిమిరపకాయలు పోసి, గ్యాసు మంట మీద గిరగిరా తిప్పి కాలుస్తుంటారు. పొట్టు నల్లబడి ఎగిరిపోతుంది. కుంపటి మీద వంకాయ కాల్చిన వాసనకు మిరప ఘాటు జోడిస్తే అది. ఇళ్ల చూరులకు ఎర్ర మిరపకాయల గుత్తులు వేలాడుతుంటాయి. ఏ హోటల్లో కూచున్నా మొదటి ప్రశ్న “ఎరుపా, ఆకుపచ్చా?” అనే. ఏ కారం వెయ్యమంటారని. 1996లో దీన్ని రాష్ట్ర అధికార ప్రశ్నగా ఆమోదించారు. రెండూ కావాలంటే “క్రిస్మస్” అనాలి.

మిరప మెక్సికో వైపు పంట. 1598లో హువాన్ దె ఒన్యాతె వెంట వచ్చిన స్పెయిన్ వలసదారులు దాన్ని ఈ ఎడారి కాలవల పక్కన నాటారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందే పోర్చుగీసువాళ్లు అదే మిరపను పడమటి కనుమల తీరంలో దించారు. గుంటూరు, హ్యాచ్ ఒకే తల్లి పిల్లలు, ఒకరు తూర్పుకు పోయారు, ఒకరు ఉత్తరానికి. ఇక్కడి మిరపకు ఇప్పటి రూపం ఇచ్చిన మనిషి ఫాబియాన్ గార్సియా. మెక్సికోలో పుట్టి, తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, అవ్వ చేయి పట్టుకుని సరిహద్దు దాటిన పిల్లవాడు. లాస్ క్రూసెస్ వ్యవసాయ కళాశాలలో శాస్త్రవేత్తయి, ఏళ్ల తరబడి రకాలు కలిపి, ‘న్యూ మెక్సికో నంబర్ 9’ విడుదల చేశాడు. తెల్లవాళ్లు కూడా కొని తినాలని కారం తగ్గించి, కాయలన్నీ ఒకేలా ఉండేట్టు చేశాడు. పని ఫలించింది. ఒక్క తెనాలి మనిషి దగ్గర మాత్రం పప్పులుడకలేదు. “ఇది కూర మిరపకాయ, కారమేదీ?” అని పెదవి విరిచి, ఆ సాయంత్రం ఆర్‌వీలో పోపు పెట్టి, వెల్లుల్లి, చింతపండు చేర్చి పచ్చడి నూరింది. గార్సియా తీసేసిన కారం లోటును కొంత గుంటూరు ఎండుకారంతో పూడ్చింది. ఆ పచ్చడి బాగుంది. కాల్చిన మిరపకున్న పొగ వాసన మన మిక్సీ పచ్చళ్లలో ఉండదు.

హ్యాచ్ నుంచి రెండు గంటల లోపే వైట్ సాండ్స్. 2019 డిసెంబరులో జాతీయ పార్కు హోదా వచ్చింది. 275 చదరపు మైళ్ల తెల్లటి దిబ్బలు, ఇసుక కాదు, జిప్సం. ఎండలో కూడా కాలదు, వట్టికాళ్లతో నడవొచ్చు. రాత్రి ఆర్‌వీ నిలిపే చోటు లోపల లేదు, ఆలమగోర్డో వైపు చూసుకోవాలి. చుట్టూ క్షిపణి పరీక్షల భూమి కాబట్టి అప్పుడప్పుడు రోడ్డు మూసేస్తారు. 1945 జూలై 16న మొదటి అణుబాంబు పేల్చింది ఈ దిబ్బలకు ఉత్తరానే. అదే నేలలో మనుషుల పాదముద్రలు శిలాజాలై దొరికాయి. వాటిలో కొన్ని 21,000 నుంచి 23,000 ఏళ్ల కిందటివని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకచోట మైలు దాకా సాగే ఒంటరి అడుగులు. అక్కడక్కడ పక్కన పసిపిల్ల అడుగులు కనిపించి, మళ్లీ మాయమవుతాయి. బిడ్డను చంకనెత్తుకుని, చెయ్యి నొప్పెట్టినప్పుడు దించి, వేగంగా నడిచిన మనిషి ఎవరో. ఈ వ్యాసకర్త చూసిన అమెరికాలో అంతకంటే పాత ప్రయాణం లేదు.

ఇక ఫోర్ట్ సమ్నర్. పేకోస్ నది ఒడ్డున చిన్న ఊరు, బందిపోటు బిల్లీ ది కిడ్ సమాధి చూడడానికి జనం ఆగుతారు. ఆగాల్సింది మాత్రం బోస్కె రెడోండో స్మారకం దగ్గర. 1864లో కిట్ కార్సన్ నాయకత్వాన సైన్యం నవహో తెగవాళ్ల పొలాలు కాల్చి, గొర్రెల్ని చంపి, కాన్యన్ డి షే లోయలో వేలకొద్దీ పీచు చెట్లు నరికి, జనాన్ని లొంగదీసింది. మూడు వందల మైళ్లకు పైగా నడిపించి ఇక్కడికి తెచ్చింది. ‘లాంగ్ వాక్’ అంటారు దాన్ని. ఒక దశలో ఎనిమిది వేల మందికి పైగా ఇక్కడ బందీలు. నది నీళ్లు ఉప్పన, మొక్కజొన్నకు పురుగు, కట్టెలు లేవు. రేషనులో ఎరగని సరుకులు, మైదా పిండి, కాఫీ గింజలు. కాఫీ గింజల్ని బీన్సు అనుకుని ఉడకబెట్టి పారబోశామని వాళ్ల పెద్దలు చెప్పుకునేవారు. గుడ్‌నైట్ పశువుల్ని తోలుకొచ్చి అమ్మింది ఈ శిబిరానికే. టెక్సాస్ చక్‌వేగన్ ఖ్యాతికి పెట్టుబడి నవహోల ఆకలి.

1868లో జనరల్ షెర్మన్ వచ్చి, మిమ్మల్ని ఓక్లహోమా వైపు పంపుతామన్నాడు. బార్బోన్సితో అనే నవహో నాయకుడు ఒప్పుకోలేదు. పట్టుబట్టి తమ నేలకు తిరిగి వెళ్లేలా జూన్ 1న ఒప్పందం రాయించుకున్నాడు. ప్రభుత్వం తరిమేసిన తెగల్లో సొంత నేలకు తిరిగి వెళ్లగలిగినవాళ్లు చాలా తక్కువ. ఈ వ్యాసకర్త బండి ఆ ఇంటిదారినే, ఐ-40 మీద పడమరకు, గాలప్ మీదుగా కాన్యన్ డి షేకి పోయింది. ఎర్రటి రాతిగోడలు నిలువునా దిగుతాయి. అడుగున ఇప్పటికీ నవహో కుటుంబాలు మొక్కజొన్న, పీచు చెట్లు వేసుకుంటున్నాయి. లోయలోకి దిగాలంటే నవహో గైడు వెంట ఉండాలి. స్పైడర్ రాక్ అనే స్తంభం ఒంటరిగా ఆకాశంలోకి లేస్తుంది. తమకు నేత నేర్పిన సాలీడు తల్లి దాని మీద ఉంటుందని వాళ్ల నమ్మకం.

రోడ్డు పక్కన ఒక ముసలావిడ ఫ్రైబ్రెడ్ వేయిస్తోంది. మైదా, బేకింగ్ పొడి, ఉప్పు, నీళ్లు. చేతుల మధ్య తట్టి కాగే నూనెలో వదలడం. ఇద్దరు పెద్దవాళ్లూ భాష లేకుండానే పొయ్యి దగ్గర మాటల్లో పడ్డారు. “మన భటూరాకి అక్కలా ఉంది” అని ఇవతలి పెద్దావిడ వ్యాఖ్య. తేనె పోసుకుని తింటే రెండు తినకుండా లేవలేం. అది రేషను పిండి నుంచి పుట్టిన రొట్టె. 2005లో దక్షిణ డకోటా దాన్ని రాష్ట్ర రొట్టెగా ప్రకటించింది. తెగల్లోనే కొందరికి అది బతికి బట్టకట్టిన గుర్తు, కొందరికి ఇంటింటా మధుమేహం తెచ్చిన శిబిరం తిండి. ఇద్దరి మాటా నిజమే కాబట్టి తీర్పు చెప్పడం బయటివాళ్ల పని కాదు. అసలైన నవహో రుచి కావాలంటే గొర్రెమాంసం పులుసు అడగాలి.

ఆఖరి విడత జనవరిలో, అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్‌కు. వేసవిలో నిప్పుల కొలిమి, చలికాలంలో మాత్రం ఉత్తరాది మంచు తప్పించుకోవడానికి వచ్చిన ఆర్‌వీలు కంటికానినంత మేర పరుచుకుంటాయి. చాలామంది కరెంటూ నీళ్లూ లేని కేంద్ర ప్రభుత్వ భూమిలో, కొద్దిపాటి రుసుముకు నెలల తరబడి ఉంటారు. ఆ పద్ధతి పేరు బూన్‌డాకింగ్. ఫిలిప్పీన్స్ తగాలోగ్ భాషలో బుందోక్ అంటే కొండ, అక్కడికి యుద్ధానికి వెళ్లిన అమెరికన్ సైనికులు మాటను మూటగట్టుకొచ్చారు. ఊరికి సొంత వంటంటూ లేదు. ఎవరి పొయ్యి వాళ్లది. పక్క బండిలోని కెనడా దంపతులకు పులిహోర వెళ్లింది, వాళ్ల దగ్గర నుంచి మేపుల్ సిరప్ సీసా వచ్చింది. సరదాకి తిరిగేవాళ్లతోపాటు, పెన్షను ఇంటద్దెకు చాలక బండినే ఇల్లు చేసుకున్నవాళ్లూ ఇక్కడ కలిసే ఉంటారు. చూసి పోల్చుకోవడం కష్టం.

ఊరి శ్మశానంలో రాతి పిరమిడ్ ఒకటుంది, కొన మీద రాగి ఒంటె. 1850లలో అమెరికా సైన్యానికి ఎడారి రవాణాకు ఒంటెలైతే బాగుంటాయని తోచింది. 1856లో వాటితోపాటు ఒట్టోమన్ రాజ్యం నుంచి హాజీ అలీ అనే ఒంటెలవాడు టెక్సాస్ రేవులో దిగాడు. మరుసటి ఏడు లెఫ్టినెంట్ బీల్ ఈ ఒంటెలతోనే పడమటికి బండిదారి కొలిచాడు. తర్వాత రూట్ 66, ఐ-40 చాలాచోట్ల ఆ దారినే పట్టాయి. అంతర్యుద్ధం వచ్చి ఒంటెల పథకం అటకెక్కింది. అలీ ఇక్కడే ఉండిపోయి 1902లో కన్నుమూశాడు. అతని పేరు నోరు తిరగక జనం ‘హై జాలీ’ అన్నారు, సమాధి రాతి మీద కూడా అలాగే ఉంది. అది చదివి పెద్దావిడ, “నిన్ను ఆఫీసులో ఏమని పిలుస్తార్రా?” అని కొడుకుని అడిగింది. 1935లో ఆ పిరమిడ్ కట్టించింది అరిజోనా రాష్ట్ర రహదారుల శాఖ.